సాటింపు ఏసినోడు ఎవడు? డప్పు నుంచి వాట్సాప్ దాక మన ఊర్ల ముచ్చట

ఇయ్యాల రాసింది జర పొడుగున్నది. మోటరు ఏసి ఒడ్డు మీద కూసున్నప్పుడు నిమ్మళంగ చదువున్రి.

మొన్నటి వానాకాలంల మా ఊర్లె జరిగినదాని కాడికెళ్లి మొదలుపెడుత. వరి పిలకలు ఏసే టైము, యూరియా దొరుకుతలేదు. పొద్దుగాల ఆరింటికి ఫోన్ల మెసేజ్ వచ్చింది. మండలంల రెండు లారీల యూరియా దిగింది, పట్టా పాస్‌బుక్కు, ఆధార్ కార్డు పట్టుకొని ఎనిమిదింటి లోపల రావాలె అని. నేను చూసిన, ఆగకుంట మా గ్రూపుల ఏసిన. ఇరవై మందిమి ఎక్కడి పనులు అక్కడ ఇడిసిపెట్టి రెండు ఆటోలల్ల పోయినం. చెప్పులు లైన్ల పెట్టినం. పదకొండు దాక కూసున్నం. షటర్ తీసేటోడే లేడు. అప్పుడు ఒక పిలగాడు తన ఫోన్ తీసి, ఇదే మెసేజ్, ఒక్క అక్షరం మారకుంట, పోయినేడు ఆగస్టుల వచ్చింది చూపిచ్చిండు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోల కోపానికి ఒకటే పని పెట్టుకున్నం, అసలు దీన్ని పుట్టిచ్చినోడెవడో పట్టుకుందామని. నాకు పంపింది మా బామ్మర్ది. ఆయనకు విత్తనాల దుకాణపోళ్ల గ్రూపుల వచ్చిందట. ఆ గ్రూపుల ఏసినాయనకు ఆయన అల్లుడు పంపిండట. అల్లునికి ఫోన్ చేస్తే, "రోజుకు రెండు వందలొస్తయి మామా, ఏది ఎవలు పంపిన్రో నాకేం యాదుంటది" అన్నడు. తాడు ఆడ తెగింది.

మాతోటి ఎనభై ఏండ్ల తాత ఒకాయన వచ్చిండు, ఆయన పేరు మీదనే పట్టా ఉన్నది కాబట్టి. అప్పటిదాక సప్పుడు చెయ్యలేదు. తాడు తెగినంక అన్నడు: "మా కాలంల సాటింపు ఏసినోడు ఊర్లెనే ఉంటుండెరా. అబద్ధమైతే పోయి ఇంటి ముంగట నిలబడేటోళ్లం."

ఆ మాట నన్ను పట్టుకున్నది. సోషల్ మీడియా అంటే పోరగాళ్లు ఫేస్‌బుక్ కాడికెళ్లి మొదలుపెడుతరు. కని ఊరికి మాట రావుడు, ఆ మాట ఒకరి కాడికెళ్లి ఒకరికి పోవుడు ఫేస్‌బుక్‌తోటి మొదలు కాలె. మనకు వేరే వేరే కాలంల మాట ఎట్ల వచ్చింది, దాని ఎనక నిలబడ్డది ఎవరు అన్నది నాకు తెలిసినకాడికి రాస్త.

నా చిన్నప్పుడు సాటింపు నాకు మంచిగ యాదికున్నది. పొద్దుమూకి దీపాలు పెట్టే యాళ్లకు డప్పు సప్పుడైతే అన్నం తినేటోళ్లం కూడ చెయ్యి ఆపేటోళ్లం. బొడ్రాయి కాడ ఒకపారి, కచీరు కాడ ఒకపారి, వాడకొకపారి కొట్టి చెప్పేటోడు. రేపు చెరువు తూము ఇడుస్తున్నరు, ఎల్లుండి శిస్తు కట్టాలె, పలానాయన ఎడ్లు తప్పిపోయినయి, మంగళారం ముత్యాలమ్మకు బోనాలు. చెప్పేది నాలుగు మాటలే. కని ఆ నాలుగు మాటలల్ల పట్వారి చెప్పిండనో, పటేలు చెప్పిండనో, పెద్దమనుషులు చెప్పిన్రనో ఒకటి తప్పకుంట ఉండేది. చెప్పించినోని పేరు లేని సాటింపు నేను ఇనలేదు.

అట్లని ఆ కాలం మంచిదని నేను అంటలేను. ఆ డప్పు కొట్టిన మాదిగ ఇంటోళ్లకు నిజాం కాలంల కూలి లేదు, అది వెట్టి. నడిజాము రాత్రి పిలిచినా పోవాలె. మాట అతని నోట్లెనుంచి వచ్చేది గని మాట అతనిది కాదు, దొరది. పైనుంచి కిందికే వచ్చేది, కిందికెళ్లి పైకి పోయే తొవ్వ లేదు. శిస్తు ఎక్కువైందని, వెట్టి చెయ్యమని ఎవరన్న డప్పు కొట్టి సాటింపు ఏసిన్రా? ఏస్తే బతకనిచ్చేటోళ్లా? 1984ల ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారి వ్యవస్థ తీసేసినంక గని సాటింపుల వాళ్ల పేర్లు పోలె.

కిందికెళ్లి పైకి మాట పోయింది మొదాలు కాయితం మీద. ఇది మన రెండు జిల్లాలోళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట, బడిల మాకు ఎవరూ చెప్పలె. నిజాం రాజ్యంల సర్కారు భాష ఉర్దూ. కోర్టుల ఉర్దూ, కచీరుల ఉర్దూ, బడిల ఉర్దూ. అసొంటి కాలంల 1922ల నల్లగొండ కెళ్లి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు "నీలగిరి" అనే తెలుగు పత్రిక తీసిండు. అదే ఏడు ఇనుగుర్తి అనే పల్లెటూరి కెళ్లి ఒద్దిరాజు అన్నదమ్ములు "తెనుగు" పత్రిక తీసిన్రు. పట్నంల కాదు, పల్లెటూర్ల. నాలుగేండ్లకు, 1926 మే 10 నాడు, హైద్రాబాదు కెళ్లి సురవరం ప్రతాపరెడ్డి "గోలకొండ" పత్రిక మొదలుపెట్టిండు, వారానికి రెండు సార్లు. ఆయన మన పాలమూరాయన. పుట్టింది బోరవెల్లిల, అంటే ఇప్పటి జోగుళాంబ గద్వాల జిల్లా. ఈ గద్వాల పేరు గుర్తు పెట్టుకోండ్రి, మళ్లొస్తది.

ఆ పత్రిక ఎంతమంది చదివేటోళ్లు అంటారా? చదువొచ్చినోళ్లే తక్కువ. ఊర్లె ఒకాయన చదివితే పది మంది చుట్టు కూసొని ఇనేటోళ్లు. సభ పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలని "గస్తీ నిషాన్ తిర్పన్" అనే హుకుం ఉండె, అంటే 53వ నంబరు సర్క్యులర్. సభకే అంత భయపడ్డ సర్కారు పత్రికను ఎట్ల చూసి ఉంటదో మీరే అనుకోండ్రి. అయినా ప్రతాపరెడ్డి తన పేరు పెట్టుకొనే నడిపిండు. తెలంగాణల కవులే లేరని ఒకాయన అంటే, ఆయన తిట్టుకుంట కూసోలె. ఊరూరి కవుల రాతలు జమచేసి 1934ల "గోలకొండ కవుల సంచిక" అచ్చేసిండు. 354 మంది కవులు. ఊరు, పేరు తోటి సహా. నాకైతే మన తెలంగాణల పెద్ద "గ్రూపు" అదే అనిపిస్తది. అడ్మిన్ ఒక్కడే, కని ఏ ముక్క ఎవరిదో లెక్క ఉన్నది. 1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఆయనే. మరుసటేడు రెండో సభ మన దేవరకొండల అయింది. ఆ సభల కాడికెళ్లే వెట్టి ముచ్చట బజార్ల పడ్డది. తర్వాత సాయుధ పోరాటం దినాలల్ల పత్రిక చదవరానోళ్ల దాక మాటను తీసుకపోయింది పాట, బుర్రకథ. సుద్దాల హనుమంతు మన నల్లగొండ బిడ్డనే. ఆ రోజుల్ల పాట ఒక నోట్లెకెళ్లి ఒక నోట్లెకు పోయింది. పేరు పోయినా పాట పోలె. ఇది కూడ ఒప్పుకోవాలె, మాట మీద పేరు లేకపోవుడు ఒక్కొక్కపారి మనిషిని కాపాడుతది. దొర కింద బతికేటోడు సంతకం పెట్టి రాయలేడు కదా.

రేడియో, టీవీ ముచ్చట్లు జల్ది చెప్పి ముంగటికి పోత. దక్కన్ రేడియో 1935ల నిజాం సర్కారు చేతికొచ్చింది, 1950 ఏప్రిల్ల ఆలిండియా రేడియో అయింది. నా ఎరుకల మా ఊర్లె మొదలు ఇద్దరి ఇండ్లల్ల ట్రాన్సిస్టర్ ఉండె. పొద్దుమూకినంక రైతుల కార్యక్రమం వస్తే గేటు కాడ నిలబడి ఇనేటోళ్లం. 1975 ఆగస్టు 1 కాడికెళ్లి ఒక్క యాడాది అమెరికోళ్ల ఉపగ్రహం అరువు తెచ్చుకొని ఆరు రాష్ట్రాల్ల 2400 ఊర్లకు టీవీ చూపిచ్చిన్రు, దాని పేరు సైట్. మన ఉమ్మడి రాష్ట్రం అందుల ఉండె. హైద్రాబాదుల దూరదర్శన్ 1977ల పెట్టక ముందే పల్లెటూర్ల రైతులు టీవీ చూసిన్రన్నట్టు. ఇవన్ని మంచియే. కని రేడియోకు మనం తిరిగి చెప్పేది లేదు. ఆ లోటు తీర్చింది 2008ల, జహీరాబాద్ కాడ మాచనూరు ఊర్లె దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడోళ్లు పెట్టిన "సంఘం రేడియో". దళిత ఆడోళ్లు, చిరుధాన్యాలు పండిచ్చుకునేటోళ్లు, మైకు పట్టుకొని ఇత్తనాల ముచ్చట, పాటల ముచ్చట వాళ్లే చెప్పిన్రు. ఇనేటోళ్లకు అది పలానామె గొంతు అని ఎరుకే.

ఇగ ఫోన్ల కాడికొద్దాం. పాలమూరోళ్లకు నేను చెప్పేదేమున్నది. బొంబాయి, పుణె వలస పోయిన ఇండ్లల్ల ముసలోళ్లు ఉత్తరం కోసం నెలలు చూసిన్రు. ఉత్తరం వస్తే చదివేటోని కోసం మళ్ల చూసిన్రు. తర్వాత ఎస్‌టీడీ బూత్ వచ్చింది. ఊర్లె ఫోనున్న ఇంటి నంబరు "పీపీ నంబరు" అని ఇచ్చుకునేటోళ్లం. "అర్ధగంటల మళ్ల చేస్త, మా అమ్మను పిలువున్రి" అని చెప్తే ఆ ఇంటి పిలగాడు ఉరికి ఆమెను పట్టుకొస్తుండె. పది మంది ముంగట ఏడ్చుకుంట మాట్లాడినోళ్లను చూసిన. ఇయ్యాల అదే తల్లి పొద్దుమూకినంక కొడుకు మొఖం ఫోన్ల చూసుకుంట, "బుక్కెడు తిన్నవా" అని అడుగుతున్నది. ఫోన్‌ను తిట్టేటప్పుడు నేను ఈ సంగతి మర్చిపోను.

అవతల అమెరికాల ఏం జరుగుతున్నదంటే, 1997ల సిక్స్ డిగ్రీస్ అనే సైట్ పెట్టిన్రు. నీ పేరు రాసుకొని నీ దోస్తులను కలుపుకునుడు, ఇప్పుడు మనం చేస్తున్న పని మొదలైంది ఆడ్నే. జనాల దగ్గర నెట్ లేదు, అది నిలబడలె. అదే టైంల అమెరికాల ఉన్న మన తెలుగు ఇంజనీర్లు ఇంగ్లీషు అక్షరాలతోటి తెలుగు రాసుకొని ముచ్చట్లు పెట్టుకునేటోళ్లు. యాహూల ఒక గుంపుకు పెట్టుకున్న పేరు "రచ్చబండ". ఎక్కడికి పోయినా మనోనికి కూసొని మాట్లాడే బండ కావాలె. 2004 జనవరిల గూగుల్ ఆర్కుట్ తెచ్చింది. దాన్ని చేసిన ఇంజనీరు పేరు ఆర్కుట్ బుయుక్‌కోక్‌టెన్, ఆయన పేరే పెట్టిన్రు. బ్రెజిలోళ్లు, మనోళ్లు దాన్ని మస్తు వాడిన్రు. ఆ తర్వాతి నెల, ఫిబ్రవరి 4 నాడు, హార్వర్డ్ కాలేజీ పోరడు మార్క్ జుకర్‌బర్గ్ ఫేస్‌బుక్ పెట్టిండు. మొదాలు కాలేజోళ్లకే, 2006 సెప్టెంబరుల అందరికి తెరిచిన్రు. 2010ల మన దేశంల మొదటి ఆఫీసు పెట్టింది మన హైద్రాబాదులనే. ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30 నాడు మూతపడ్డది.

మనకు ఇవి అందకపోవుడుకు ఒక కారణం పైసలు, ఇంకొకటి అక్షరాలు. అప్పటి చిన్న ఫోన్లల్ల తెలుగు పంపితే డబ్బాలు డబ్బాలు కనపడేది. యూనికోడ్ వచ్చినంక, 2006ల వీవెన్ అనే ఆయన "లేఖిని" అని పెట్టి ఇంగ్లీషు మీటలు కొడితే తెలుగు అక్షరం పడేటట్టు చేసిండు, అదీ ఉత్తగనే. ఇట్ల పైసలు ఆశించకుంట పని చేసినోళ్లు ఉన్నరు కాబట్టే ఇయ్యాల నా అసొంటోడు ఇంత పొడుగు తెలుగుల రాస్తున్నడు.

అంతకుముందు మనకున్నది ఎస్ఎంఎస్. పండుగనాడు ప్యాక్ పనిచెయ్యదు, పైసలు కోస్తరని ముందునాడే దసరా మెసేజ్‌లు పంపేటోళ్లం, యాదికున్నదా? పుకారు కూడ అప్పుడే ఫోన్ల ఎక్కింది. 2012 ఆగస్టుల ఈశాన్య రాష్ట్రాలోళ్లను కొడుతరని మెసేజ్‌లు లేస్తే బెంగళూరు కెళ్లి, మన హైద్రాబాదు కెళ్లి గూడ వేల మంది పిల్లలు, కూలోళ్లు రైళ్లెక్కి ఇండ్లకు పోయిన్రు. సర్కారు కొన్ని రోజులు ఒకేసారి 5 మంది కంటె ఎక్కువకు మెసేజ్ పోకుంట ఆపింది. ఆ 5 అంకె కూడ గుర్తు పెట్టుకోండ్రి.

వాట్సాప్ 2009ల మొదలైంది. యాహూల పనిచేసి బయటికొచ్చిన ఇద్దరు, జాన్ కూమ్, బ్రయాన్ యాక్టన్, పెట్టిన్రు. 2014 ఫిబ్రవరిల ఫేస్‌బుక్ దాన్ని 1900 కోట్ల డాలర్లకు కొంటమని చెప్పింది. మన ఊర్లకు మాత్రం అది నిజంగ వచ్చింది 2016 సెప్టెంబర్ 5 తర్వాత, జియో మొదలైనంక. అంతకుముందు ఒక జీబీ పెట్టి నెల ఎల్లదీసేటోళ్లం. జియో మార్చి దాక ఉత్తగనే ఇచ్చింది. ఒక్క యాడాదిల ప్రతి ఇంట్ల ఒక టచ్ ఫోన్. ఊరి గ్రూపు, కులం గ్రూపు, చుట్టాల గ్రూపు, పత్తి రైతుల గ్రూపు. యూట్యూబ్‌ల జగిత్యాల దిక్కు లంబాడిపల్లె గంగవ్వ మై విలేజ్ షోల మన యాసతోటి దేశాన్ని నవ్వించింది. బత్తాయి చెట్లకు తెగులు వస్తే ఆకు ఫోటో కొట్టి పంపితే ఇంకో జిల్లా రైతు మందు చెప్తున్నడు. అంతా మంచిగనే ఉన్నది.

ఇగ 2018 ఎండాకాలం.

పార్థీ గ్యాంగు దిగింది, పిల్లలను ఎత్తుకపోతున్నరు, కిడ్నీలు తీస్తున్నరు అని మెసేజ్‌లు మొదలైనయి. ఒక వీడియో అందరం చూసినం: గల్లీల పిల్లలు ఆడుకుంటుంటే మోటర్‌సైకిల్ మీద ఇద్దరొచ్చి ఒక పిలగాన్ని ఎత్తుకొని పోతరు. నా కండ్లతో చూసిన గద, అబద్ధమెట్ల అయితది అనుకున్న. అది పాకిస్తాన్ల కరాచీల తీసిన వీడియో. పిల్లలను జాగ్రత్తగ చూసుకోండ్రి అని చెప్పేతందుకు ఒక సంస్థ చేయించింది. ఆఖరికి ఆ మోటర్‌సైకిలోళ్లు మళ్లొచ్చి పిలగాన్ని దించి, ఒక బోర్డు చూపిస్తరు. ఆ చివరి ముక్క, ఎవరు ఎందుకు తీసిన్రో చెప్పే ముక్క, ఎవడో కోసేసిండు. మిగిలింది మన ఫోన్లకు వచ్చింది. ఇంకొక ఫోటోల వరుసగ పండుకోబెట్టిన సచ్చిన పిల్లలు. వాళ్లు 2013ల సిరియా దేశంల విషవాయువుకు సచ్చిన పిల్లలు. దాని కింద ఎవడో తెలుగుల కిడ్నీల ముచ్చట రాసిండు.

అప్పుడు జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాలకు ఎస్పీ రెమా రాజేశ్వరి. కేరళ మున్నార్ ఆమె. ఊరికొక పోలీసును పెట్టి, వాళ్లు ఊర్లకు పోయి జనంతోటి మాట్లాడాలని చేసింది. మార్చిల ఒక ఊరికి పోయిన పోలీసుకు ఒక వింత కనబడ్డది. ఎండాకాలం, బయట మంచాలేసుకొని పండాల్సినోళ్లు పొద్దుమూకంగనే లోపలికి పోయి తలుపులేసుకుంటున్నరు. ఏందని అడిగితే ఫోన్లు చూపిచ్చిన్రు. ఈ సంగతి ఎస్పీకి చేరింది.

ఆమె చేసిన పని చూడండ్రి. ఫోన్ల వచ్చిన పుకారును ఆపేతందుకు ఫోన్‌నే నమ్ముకోలె. డప్పు పట్టిచ్చింది. పోలీసులల్ల పాడ వచ్చినోళ్లను, కళాకారులను ఊరూరికి పంపింది. డప్పు కొట్టి జనాన్ని పిలిచి, ఈ ఫోటోలు మన దేశానియే కావు, అనుమానముంటె మాకు ఫోన్ చెయ్యున్రి, చెయ్యి మాత్రం లేపకున్రి అని పాటల చెప్పిచ్చింది. సర్పంచులను పట్టుకొని ఊరి వాట్సాప్ గ్రూపులల్ల పోలీసోళ్లను కలిపిచ్చింది. నూరేండ్ల కింద సర్కారు హుకుం చెప్పిన డప్పే, సురవరం పుట్టిన గడ్డ మీద, ఈసారి మనిషి పానం కాపాడేతందుకు మోగింది. ఆ రెండు జిల్లాలల్ల 400 ఊర్ల పైనే. ఆ పుకారుకు అక్కడ ఒక్క పానం కూడ పోలె.

నాకు తోచేది ఒక్కటే. ఆ డప్పు ఎందుకు పనిచేసిందంటే సప్పుడుకు కాదు. ఆ చెప్పేటోడు మొఖం కనబడ్డది. రేపు పోయి అడగొచ్చు. అతని స్టేషన్ ఏదో ఎరుకే.

మిగిలిన చోట్ల అట్ల కాలె. మే నెలల మన ఉమ్మడి నల్లగొండల ఉండిన బీబీనగర్ మండలంలనే ఒక మనిషిని కొట్టి చంపిన్రు. హైద్రాబాదు చాంద్రాయణగుట్టల ఒక ట్రాన్స్‌జెండర్‌ను చంపిన్రు. జులై 1 నాడు మహారాష్ట్ర ధూలే జిల్లా రెయిన్‌పాడల అడుక్కతినే అయిదుగురిని పంచాయతీ ఆఫీసుల ఏసి చంపిన్రు. జులై 13 నాడు బీదర్ జిల్లా ముర్కిల పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైద్రాబాదు కెళ్లి పోయినోళ్లను కొడితే ఒకాయన సచ్చిపోయిండు.

ఇగ నా ముచ్చట చెప్తె గని ఈ రాత పూర్తి కాదు. మాది నల్లగొండ దిక్కు. మా ఊర్లకు ఆ డప్పు రాలె. మే నెలల నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఒక మొగాయన గాబరా గాబరాగ, మా పక్క ఊర్లెనే ఇద్దరు పిల్లలు పోయిన్రు, పాత బట్టలు అడుక్కునేటోళ్ల తీరు వస్తున్నరు, జాగ్రత్త అంటున్నడు. మా మనవడు అప్పుడు మూడేండ్లోడు. నా గుండె గుబేలుమన్నది. ఊరి గ్రూపుల ఏసిన, చుట్టాల గ్రూపుల ఏసిన. మంచి పనే చేసిన అనుకున్న.

మూడోనాడు పగటీలి, పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆయన సైకిల్ మీద వచ్చిండు. ఎండకు దూప అయి ఉంటది, ఒక పిలగాన్ని పిలిచి నీళ్లు తెమ్మన్నడు. గంతే. నేను బాయి కాడికెళ్లి ఉరికొచ్చే వరకు యాపచెట్టుకు కట్టేసి ఉన్నరు. చెవుల కెళ్లి నెత్తురు కారి అంగీ మీద పడ్డది. గిన్నెలన్ని బజార్ల పారేసిన్రు, పోరలు వాటిని తన్నుకుంట ఆడుతున్నరు. ఆయన హిందీల, తెలుగుల కలిపి ఏదో అంటున్నడు, ఎవలు ఇంటలేరు. ఒక అవ్వ కట్టె పట్టుకొని నడుమ జొచ్చింది. "గీయన దగ్గర నా పెండ్లి చీర ఇచ్చి డబర తీసుకుంటిరా, పదేండ్ల కెళ్లి వస్తుండు, మీ అమ్మలను అడుగున్రి" అని అడ్డం నిలబడ్డది. ఆమె లేకపోతె ఆ మనిషి పేరు కూడ నేను పైన రాసిన లెక్కల కలిసేది.

కట్టిప్పినంక, ముందుగాల కొట్టిన పిలగాన్ని పట్టుకొని నేను గట్టిగ తిట్టిన. నీకు బుద్ధున్నదారా, ఎవలు చెప్పిన్రురా నీకు అన్న. వాడు ఏం మాట్లాడలె. ఫోన్ తీసి ఆ వాయిస్ పెట్టిండు. అందరు ఇన్నరు. "ఇది నువ్వు పంపిందే గద పెద్దనాయినా" అన్నడు.

నా నోట్లె తడారిపోయింది. వాడు అబద్ధం చెప్పలె. వాడు ఆ గొంతును నమ్మలె, నన్ను నమ్మిండు. అందుల గొంతు ఎవనిదో వానికి తెలవదు, కని పైన నా పేరున్నది. పెద్దనాయిన పంపిండంటె నిజమే అనుకున్నడు. ఆ సాటింపు ఏసినోన్ని నేనే.

అదే జులైల వాట్సాపోళ్లు ఇంకొకరి మెసేజ్ పంపితే "ఫార్వార్డెడ్" అని పడేటట్టు చేసిన్రు. మన దేశంల ఒకేసారి 5 చాట్ల కంటె ఎక్కువకు పంపకుంట ఆపిన్రు. 2012ల సర్కారు పెట్టిన అంకెనే, చూసిన్రా? మరుసటేడు ప్రపంచమంతట పెట్టిన్రు. 2020 ఏప్రిల్ కాడికెళ్లి మస్తు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్‌ను ఒకేసారి ఒక్క చాట్‌కే పంపాలె. మొన్నటి యూరియా మెసేజ్ మీద ఆ రెండు బాణాలు ఉండె. నేను చూసిన. చూసి కూడ ఏసిన. రాజధానిల ఎన్ని రూల్స్ పెట్టినా, యూరియా లేని రైతుకు బాణాలు కనబడవు. ఈ సంగతి కంపెనోళ్లకు తెలవదు, మనకు తెలుసు.

ఆటోల తాత మాటిన్నంక మా గ్రూపుల ఒక కట్టుబాటు పెట్టుకున్నం. రేటు గాని, ఎరువు గాని, రోగం గాని, ఏది ఏసినా కింద తన పేరు రాసి, తాను ఎవర్ని అడిగి తెలుసుకున్నడో రాయాలె. అడగకపోతె "అడగలే" అని రాయాలె. మొదటి వారం గ్రూపు సప్పుడే లేకుంట పోయింది. గుడ్ మార్నింగ్‌లు ఒక్కటే వచ్చినయి. ఇప్పుడు రోజుకు మూడో నాలుగో పడుతున్నయి. మొన్న ఒకాయన పత్తి రేటు ఏసి కింద "నేనే మార్కెట్ల నిలబడి చూసిన" అని రాసిండు. పదిమంది ఆయనకు ఫోన్ చేసి ఇంక వివరాలు అడిగిన్రు. ఆయనకు ఇసుగొచ్చింది, అది వేరే ముచ్చట.

స్టీలు గిన్నెలాయన ఆనాటి కెళ్లి మా ఊరికి రాలె. నేను, ఇంకొకాయన కలిసి ఆయనను బండి మీద కూసోబెట్టుకొని దవాఖానకు తీసుకపోయినం, కట్టు కట్టిచ్చినం. పోలీసుల కాడికి పోదామంటె వద్దని చేతులు జోడించిండు. ఆయన ఊరు పేరు అడగాలని కూడ నాకు తోచలె, సిగ్గుతోటి మొఖం చూడలేకపోయిన. ఆయన సైకిల్ ఎనక చక్రానికి ఎర్ర రబ్బరు పట్టీ చుట్టి ఉండేది, ఎడమ చెవి అప్పటి దెబ్బకు కింద చీలింది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు ఎవరి ఊర్లకన్న వస్తుంటె నాకు ఫోన్ చెయ్యున్రి. ఆయన గిన్నెలు పద్నాలుగు మా ఇంట్ల సంచిల కట్టి పెట్టిన.